విచారణ కాలంలో రాజీనామా: పదార్థం, సేవానిబంధనలు, నిర్ణయ ప్రాతిపదికలు
(ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంత ఉద్యోగ నేపథ్యం)

వ్యాససంగ్రహం

దుష్ప్రవర్తన ఆరోపణపై విచారణ సాగుతున్న దశలో ఉద్యోగి రాజీనామా చేయడం పరువు కాపాడుకొనే మార్గమని కొందరు, నేరాంగీకారమని మరికొందరు భావిస్తారు. సేవానిబంధనలు ఈ రెండు అభిప్రాయాలలో దేనినీ సమర్థించవు. 'రాజీనామా' అనే మాటలోనే ఉభయపక్షాల సమ్మతి అనే అర్థం ఉంది. ఆ అర్థాన్ని ఆధారం చేసుకొని, విచారణ కాలంలో రాజీనామా ఎప్పుడు అమలులోకి వస్తుంది, దానివల్ల ఏ హక్కులు పోతాయి, ఏవి మిగులుతాయి, ఫిర్యాదుదారుకు ఏమి జరుగుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలోని ఉద్యోగ వైవిధ్యాన్ని నేపథ్యంగా, నిడదవోలు నుంచి సుప్రీంకోర్టుకు చేరిన ఒక పాత కేసును ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: రాజీనామా, సంజాయిషీ, శాఖాపరమైన విచారణ, సస్పెన్షన్, పింఛను, గ్రాట్యుటీ, అంతర్గత ఫిర్యాదుల కమిటీ.

1. ఉపోద్ఘాతం

ఏలూరు నుంచి ఒకవైపు తాడేపల్లిగూడెం వరకు, మరొకవైపు కైకలూరు మీదుగా కొల్లేటి లంకల వరకు ఉన్న ప్రాంతం విస్తీర్ణంలో చిన్నది. ఉద్యోగ స్వరూపంలో మాత్రం ఎంతో వైవిధ్యం కలది. ఏలూరులో 1945లో వెలసిన సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953లో ఆరంభమైన సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం పనిచేస్తున్నాయి. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల శుద్ధి కేంద్రాలు, మత్స్యకార సహకార సంఘాలు ఉన్నాయి. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు చుట్టూ అటవీ, రెవెన్యూ, మత్స్య శాఖల ఉద్యోగులు చట్టానికీ స్థానికుల జీవనోపాధికీ మధ్య నిత్యం పనిచేయవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు కొత్త జిల్లా కేంద్రమైంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో కొనసాగింది.

ఇంత దగ్గరి ఊళ్లలో ఒక ఉద్యోగిపై ఆరోపణ వస్తే, అభియోగ పత్రం చేతికి అందేలోపే ఆ వార్త ఇంటికి చేరుతుంది. బంధువులు, శ్రేయోభిలాషులు చెప్పే మొదటి మాట తరచుగా ఒకటే: "ఈ గొడవంతా మనకెందుకు, రాజీనామా వాళ్ల మొహాన కొట్టి వచ్చెయ్." ఈ సలహాలో ఆప్యాయత ఉంది. ఆ కాగితం ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో అన్న విచారణ లేదు. ఆ లోటును పూరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. 'రాజీనామా' పదార్థం

తెలుగు పరిపాలనా పరిభాషలో పారసీక, హిందుస్థానీ మూలాల నుంచి వచ్చిన మాటలు అనేకం. ఉద్యోగి ఇచ్చే వివరణకు 'సంజాయిషీ' అంటారు. పదవీత్యాగ పత్రానికి 'రాజీనామా' అంటారు. 'రాజీ' అంటే సమ్మతి, ఒప్పుదల. 'నామా' అంటే పత్రం. ఉర్దూలో నేటికీ 'రాజీనామా' అంటే ఉభయపక్షాలు కుదుర్చుకొన్న ఒప్పంద పత్రమే. ఉద్యోగం వదులుకోవడానికి అక్కడ 'ఇస్తీఫా' అనే మరో మాట వాడుకలో ఉంది. తెలుగు, కన్నడ, మరాఠీ భాషలలో మాత్రం 'రాజీనామా' పదవీత్యాగమనే అర్థంలో స్థిరపడింది.

ఈ అర్థసంకోచంలో మూలార్థం మరుగున పడింది. ఉద్యోగం వదులుకోవడం ఒక్కరి చర్యగా లోకం చూస్తుంది. ప్రభుత్వ సేవలో అది ఇద్దరి చర్య: ఉద్యోగి సమర్పించాలి, నియామకాధికారి ఆమోదించాలి. ఇచ్చే వ్యక్తి మనస్ఫూర్తిగా ఇవ్వాలి, పుచ్చుకొనే అధికారి పుచ్చుకోవాలి. రెండు 'రాజీ'లూ కుదిరినప్పుడే అది రాజీనామా అవుతుంది. ఈ వ్యాసంలోని తక్కిన చర్చకంతటికీ ఈ మూలార్థమే ఆధారం.

3. రెండు రకాల రాజీనామాలు

రాజీనామాకు తెలుగునాట ఒక గౌరవప్రదమైన సంప్రదాయం ఉంది. ఏలూరు కళాశాల ఎవరి పేరు ధరించిందో ఆ కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి. 1930లో సత్యాగ్రహోద్యమంపై ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. 1936లో తిరిగి అదే పదవికి వచ్చి 1949 వరకు కొనసాగారు. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి నైతిక బాధ్యత వహిస్తూ రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ దాన్ని అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగిన తర్వాత సమర్పించిన రాజీనామా ఆమోదం పొందింది.

ఈ ఉదాహరణలు ప్రజల మనసులో రాజీనామాను నైతిక చర్యగా నిలబెట్టాయి. విచారణను ఎదుర్కొంటున్న ఉద్యోగి కూడా తన రాజీనామాను ఇదే కోవలో చేర్చి చూసుకొనే అవకాశం ఉంది. కాని వీటి మధ్య మౌలికమైన భేదం ఉంది. కట్టమంచి ఎదుట ఆయనపై మోపిన అభియోగం లేదు, ప్రభుత్వ విధానం ఉంది. శాస్త్రి మీద వ్యక్తిగత దుష్ప్రవర్తన ఆరోపణ లేదు. వారి రాజీనామా ఒక వాదాన్ని వినిపించింది. విచారణ మధ్యలో ఇచ్చే రాజీనామా వినిపించవలసిన వాదాన్ని ఆపివేస్తుంది. అందుచేత మొదటి రకానికి దక్కే గౌరవం రెండవ రకానికి దానంతటదే సంక్రమించదు.

4. రాజీనామా ఎప్పుడు అమలులోకి వస్తుంది?

ప్రభుత్వోద్యోగి రాజీనామా నియామకాధికారి ఆమోదంతోనే అమలులోకి వస్తుందని రాజ్ కుమార్ కేసులో (1968) సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆమోదానికి ముందు దాన్ని ఉపసంహరించుకోవచ్చు. ఆమోదించిన తర్వాత, ఆ ఉత్తర్వు ఇంకా చేతికి అందలేదన్న కారణంతో వెనక్కి తీసుకోవడం కుదరదు. భవిష్యత్తులోని ఒక తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామా విషయం గోపాలచంద్ర మిశ్రా కేసులో (1978) చర్చకు వచ్చింది. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు 1977 ఆగస్టు 1 నుంచి వైదొలగుతానని మే నెలలో లేఖ రాసి, జూలైలో ఉపసంహరించుకున్నారు. ఆ తేదీ రాకముందు చేసిన ఉపసంహరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది.

విచారణ సాగుతున్నప్పుడు ఆమోదం మరింత జటిలమవుతుంది. ఏలూరు తపాలా కార్యాలయం వంటి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 1988 ఫిబ్రవరి 11 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం, సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి రాజీనామాను సాధారణంగా వెంటనే ఆమోదించరాదు. ఆరోపణలో నైతిక పతనం లేకపోవడం, సాక్ష్యం బలహీనంగా ఉండడం, విచారణ దీర్ఘకాలం సాగి ఖర్చు పెరిగే అవకాశం ఉండడం వంటి సందర్భాలలో ప్రజాప్రయోజనాన్ని బట్టి ఆమోదాన్ని పరిశీలించవచ్చు. అంటే రాజీనామా పత్రం విచారణను దానంతటదే ఆపదు. పత్రం ఇచ్చి మరునాటి నుంచి విధులకు రాని ఉద్యోగిపై అనధికార గైర్హాజరు అనే కొత్త అభియోగం చేరే ప్రమాదం కూడా ఉంది.

5. ఒకే ఆరోపణ, మూడు ఫలితాలు

పరీక్ష ఫీజుల లెక్కలలో తేడా వచ్చిందనే ఒకే ఆరోపణ ముగ్గురు అధ్యాపకులపై వచ్చిందని ఊహిస్తే, రాజీనామా ఫలితం ముగ్గురికీ ఒకేలా ఉండదు.

5.1. మొదటి వ్యక్తి 2004 సెప్టెంబరు 1కి ముందు ప్రభుత్వ కళాశాలలో చేరినవారు. 1980 నాటి ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నిబంధనల ప్రకారం రాజీనామాతో గత సేవ మొత్తం రద్దవుతుంది, పింఛను హక్కు పోతుంది. విచారణలో దోషం రుజువైనా అన్ని శిక్షలూ ఇంత తీవ్రమైనవి కావు. నిర్బంధ పదవీవిరమణ పెద్ద శిక్షలలో ఒకటి. అయినా ఆ శిక్ష పొందిన ఉద్యోగికి పూర్తి పింఛనులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మంజూరు చేసే వీలుంది. శిక్ష భయంతో ఇచ్చిన రాజీనామా, ఆ శిక్షకన్నా ఎక్కువ నష్టం తేగలదన్నమాట. ఇరవై ఏళ్ల అర్హ సేవ నిండినవారికి స్వచ్ఛంద పదవీవిరమణ అనే వేరే మార్గం ఉంది. విచారణ పెండింగులో ఉంటే దానికీ అనుమతి నిరాకరించే అవకాశం ఉంది. అనుమతి లభించినా, విరమణ తర్వాత విచారణ కొనసాగవచ్చు. రాజీనామా, స్వచ్ఛంద పదవీవిరమణ ఒకటి కావని యూకో బ్యాంకు కేసులో (2004) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేరులోని ఈ తేడా మీద జీవితకాలపు పింఛను ఆధారపడి ఉంటుంది.

5.2. రెండవ వ్యక్తి 2004 సెప్టెంబరు 1న గాని, ఆ తర్వాత గాని సేవలో చేరినవారు. చందా ఆధారిత పింఛను పథకంలో ఆ వ్యక్తి ఖాతాలో జమయిన సొమ్ము ఉంటుంది. దాని ఉపసంహరణకు వేరే నియమాలు ఉన్నాయి. కనుక నష్టం స్వరూపం మొదటి వ్యక్తి నష్టం వంటిది కాదు. 2021లో ప్రభుత్వం ఐచ్ఛికాలు కోరిన తర్వాత ఎయిడెడ్ కళాశాలల నుంచి ప్రభుత్వ కళాశాలలకు మారిన అధ్యాపకులు తమ సేవాపుస్తకంలో తొలి నియామక తేదీ, వర్తించే పింఛను పథకం ఎలా నమోదయ్యాయో ముందుగా చూసుకోవడం అవసరం.

5.3. మూడవ వ్యక్తి ప్రైవేటు కళాశాల అధ్యాపకులు. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. గ్రాట్యుటీ చట్టానికి 2009లో వచ్చిన సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయులను దాని పరిధిలోకి తెచ్చింది. ఐదేళ్ల నిరంతర సేవ నిండితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. గ్రాట్యుటీ జప్తు, చట్టం పేర్కొన్న కారణాలతో యాజమాన్యం సేవను ముగించినప్పుడు తలెత్తే ప్రశ్న. భవిష్యనిధి ఉద్యోగి సొంతం. కాబట్టి ఆర్థికంగా ఈ మూడవ వ్యక్తికి రాజీనామా నష్టం తక్కువ. సేవాధ్రువపత్రంలో యాజమాన్యం ఏమి రాస్తుంది, తర్వాతి కళాశాల విచారిస్తే ఏమి చెబుతుంది అనేవి ఇక్కడ ప్రధాన ప్రశ్నలు. రొయ్యల శుద్ధి కేంద్రంలో పర్యవేక్షకునిగానో, సహకార సంఘంలో గుమస్తాగానో పనిచేసేవారి స్థితి కూడా చాలావరకు ఈ మూడవ కోవకు దగ్గరగా ఉంటుంది.

6. విచారణ అనే క్షేత్రం: నిడదవోలు ఉదాహరణ

'ఇప్పుడు విచారణను వదిలేసినా, అవసరమైతే కోర్టులో తేల్చుకోవచ్చు' అనే నమ్మకం ఉద్యోగులలో బలంగా ఉంది. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి తాడేపల్లిగూడేనికి పొరుగునే ఉన్న నిడదవోలు ఒక ఉదాహరణ ఇస్తుంది. 1950లలో అక్కడి పోలీసు స్టేషనులో పనిచేసిన ఒక సబ్ ఇన్‌స్పెక్టరుపై, అనుమానంతో స్టేషనుకు తెచ్చిన వ్యక్తి విషయంలో విధి నిర్వహణ లోపాలు ఉన్నాయన్న అభియోగంతో శాఖాపరమైన విచారణ జరిగింది. ఫలితంగా సేవ నుంచి డిస్మిస్ చేశారు. ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించగా హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలు చేసింది. 1963లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీరామారావు కేసుగా ప్రసిద్ధికెక్కిన తీర్పులో సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయాన్ని తోసిపుచ్చింది.

ఆ తీర్పు చెప్పిన సూత్రాలు రెండు. మొదటిది: క్రిమినల్ కేసులో వలె సందేహాతీతంగా రుజువు కావాలన్న నియమం శాఖాపరమైన విచారణకు వర్తించదు. రెండవది: హైకోర్టు శాఖాపరమైన నిర్ణయంపై అప్పీలు న్యాయస్థానం కాదు. విచారణ సహజన్యాయ సూత్రాలకు లోబడి జరిగిందా, నిర్ణయానికి కొంతైనా సాక్ష్యాధారం ఉందా అని చూస్తుందే తప్ప, ఆ సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయదు.

ఈ తీర్పు ఉద్యోగికి ఊరట ఇచ్చేది కాదు. పోరాడినవారందరూ గెలుస్తారన్న హామీ అందులో లేదు. అయినా నిర్ణయం తీసుకొనేవారికి అది ఒక ముఖ్య సత్యాన్ని చెబుతుంది: వాస్తవాలను తూచే అసలు క్షేత్రం విచారణాధికారి గదే. సాక్షిని ప్రశ్నించడం, పత్రాలను పరిశీలించడం, తన సాక్షులను హాజరుపరచడం అక్కడ జరగాలి. అక్కడ మౌనం వహించినవారికి పై కోర్టులో ఆ లోటు పూడ్చుకొనే వీలు చాలా తక్కువ.

ఆ క్షేత్రంలో ఉద్యోగికి హక్కులు లేకపోలేదు. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నిబంధనల ప్రకారం పెద్ద శిక్ష విధించాలంటే అభియోగాలను నిర్దిష్టంగా రాసి, వాటికి ఆధారమైన పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఇవ్వాలి. లిఖితపూర్వక సమాధానానికి అవకాశం ఇవ్వాలి. విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, దానిపై ఆ ఉద్యోగి చెప్పేది విన్న తర్వాతే శిక్ష నిర్ణయించాలని హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థకు సంబంధించిన కరుణాకర్ కేసులో 1993 అక్టోబరు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. దేశమంతటా నేడు అమలులో ఉన్న ఈ రక్షణ తెలుగునేల మీది సంస్థ నుంచి పుట్టిన వ్యాజ్యం వల్ల స్థిరపడింది.

7. కాలయాపన, ఒత్తిడి

రాజీనామాకు పురిగొల్పేవాటిలో భయం తర్వాతి స్థానం విసుగుది. విచారణ కొండవీటి చాంతాడులా సాగితే నిర్దోషి కూడా అలసిపోతారు. కారణం లేని జాప్యం విచారణనే చెల్లకుండా చేయగలదని ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన రాధాకిషన్ కేసు (1998) తెలియజేస్తుంది. జాప్యానికి కారకులెవరు, అభియోగం ఎంత తీవ్రమైనది అనే విషయాలను తూచి న్యాయస్థానం నిర్ణయిస్తుంది. శాఖాపరమైన విచారణను వీలైనంతవరకు ఆరు నెలలలో, తప్పనిసరైతే ఏడాదిలో ముగించాలని ప్రేమ్‌నాథ్ బాలీ కేసులో (2015) సుప్రీంకోర్టు సూచించింది. ప్రైవేటు విద్యాసంస్థలకు వర్తించే 1982 ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టం సస్పెన్షన్‌కు రెండు నెలల పరిమితి విధించింది. కారణాలు నమోదు చేసి మరో రెండు నెలలు పొడిగించే అధికారం సంబంధిత అధికారికి ఉంది. ఈ గడువులు తెలిసిన ఉద్యోగి విసుగుతో రాజీనామా రాయడానికి బదులు, గడువును గుర్తుచేస్తూ లేఖ రాయగలరు.

ఒత్తిడి మరొక సమస్య. తలుపులు మూసిన గదిలో తెల్లకాగితం ముందుపెట్టి 'రాజీనామా రాస్తావా, పోలీసులను పిలవమంటావా' అని అడిగితే, అలా వచ్చిన సంతకంలో సమ్మతి లేదు. బలవంతం, అనుచిత ప్రభావం వల్ల కలిగిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని 1872 కాంట్రాక్టు చట్టం చెబుతుంది. పదార్థం దృష్ట్యా చూసినా 'రాజీ' లేని 'నామా' రాజీనామా కాదు. అయితే ఒత్తిడిని నిరూపించే భారం అలా చెప్పే వ్యక్తిదే. ఆ రోజే, లేదా మరునాడే, జరిగినది వివరిస్తూ ఉపసంహరణ లేఖ రాసి పంపినవారి మాటకూ, నెలల తర్వాత గుర్తుచేసుకున్నవారి మాటకూ న్యాయస్థానంలో ఒకే విలువ ఉండదు.

8. ఫిర్యాదుదారు పక్షం

ఇంతవరకు చర్చ ఆరోపణకు గురైన వ్యక్తి చుట్టూ సాగింది. విచారణలో మరొక పక్షం కూడా ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులలో ఈ విషయం మరింత ముఖ్యం. 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ 90 రోజులలో విచారణ పూర్తి చేయాలి. ముగిసిన 10 రోజులలో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 60 రోజులలో యాజమాన్యం చర్య తీసుకోవాలి. ప్రతివాది రాజీనామాతో ఈ ప్రక్రియ ముగుస్తుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ తెచ్చిన నిబంధనలు విద్యార్థినులకూ ఈ రక్షణను విస్తరించాయి.

ఈ చట్టంలో 'రాజీ'కి కూడా స్థానం ఉంది. విచారణకు ముందు సయోధ్య జరగవచ్చు. అందుకు రెండు షరతులు ఉన్నాయి: ఫిర్యాదు చేసిన మహిళే దాన్ని కోరాలి, డబ్బు ప్రాతిపదికగా సయోధ్య కుదర్చరాదు. దీనికి భిన్నంగా, యాజమాన్యమూ ప్రతివాదీ కలిసి 'ఆయన రాజీనామా చేసి వెళ్లిపోతారు, ఇక ఈ సంగతి వదిలేద్దాం' అని కుదుర్చుకొనే ఒప్పందంలో ఫిర్యాదుదారు సమ్మతి లేదు. ఫిర్యాదు నిజమైతే, ఆ వ్యక్తి మచ్చలేని ధ్రువపత్రంతో ముప్పై కిలోమీటర్ల దూరంలోని మరో కళాశాలలో చేరతారు. అబద్ధమైతే, నిర్దోషి అని చెప్పే కాగితం ఆ వ్యక్తికి ఎన్నటికీ దొరకదు. రెండు సందర్భాలలోనూ విచారణ నివేదిక లేకపోవడం నష్టమే. అందుచేత రాజీనామాను ఆమోదించినా, నివేదికను పూర్తి చేసి నమోదు చేయడం సంస్థ నైతిక బాధ్యత.

9. నిర్ణయ ప్రాతిపదికలు

పై చర్చ నుంచి రాజీనామాకు ముందు ఉద్యోగి వేసుకోవలసిన ప్రశ్నలను ఇలా క్రోడీకరించవచ్చు.

అ) విచారణ ఏ దశలో ఉంది? ప్రాథమిక విచారణ వేరు, అభియోగ పత్రం వేరు. అభియోగ పత్రం జారీ అయినప్పుడే క్రమశిక్షణ చర్య ప్రారంభమైనట్లు భావించాలని జానకీరామన్ కేసులో (1991) సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ) ఆరోపణ రుజువైతే పడగల శిక్ష వల్ల కలిగే నష్టమెంత, రాజీనామా వల్ల కలిగే నష్టమెంత? ఈ రెండు అంకెలను సేవాపుస్తకం ముందుపెట్టుకొని పక్కపక్కన రాసుకోవాలి.

ఇ) పోలీసు కేసు ఉందా? ఉంటే రాజీనామా దాన్ని తాకదు.

ఈ) జీవనభృతి సక్రమంగా అందుతున్నదా? అది అందక విచారణకు హాజరు కాలేని పరిస్థితి ఏర్పడితే విచారణ చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుందని పాల్ ఆంథోనీ కేసు (1999) తెలియజేస్తుంది.

ఉ) ఆరోపణ నిజమేనా? ఈ ప్రశ్నకు సమాధానం ఉద్యోగికి మాత్రమే తెలుసు. నిజమైతే, తప్పు అంగీకరిస్తూ ఇచ్చే సంజాయిషీ శిక్ష నిర్ణయంలో పరిగణనకు రావచ్చు. మౌనంగా ఇచ్చే రాజీనామాకు ఆ గుణం లేదు. నిజం కాకపోతే, దాన్ని నిరూపించుకొనే చోటును తనంతట తాను ఖాళీ చేయడం వివేకం కాదు.

ఈ ప్రశ్నలకు సమాధానాలు చూసుకున్న తర్వాత కూడా రాజీనామాయే మేలని తేలే సందర్భాలు ఉంటాయి. ఆరోగ్యం దెబ్బతిన్నవారు, ప్రైవేటు సంస్థలో స్వల్పకాలం పనిచేసినవారు, వేరే ఉపాధి సిద్ధంగా ఉన్నవారు ఈ కోవకు చెందుతారు. అటువంటి సందర్భంలో అభియోగాలను అంగీకరించడం లేదని, నివేదిక పూర్తయితే దాని ప్రతి కావాలని రాజీనామా లేఖలోనే రాయడం మంచిది.

10. ఉపసంహారం

విచారణ కాలపు రాజీనామాను నేరాంగీకారంగా గాని, ఆత్మగౌరవ ప్రకటనగా గాని చూడనవసరం లేదు. అది ఒక పక్షం ప్రతిపాదన. మరో పక్షం సమ్మతితో పూర్తయ్యే పత్రం. ఆమోదం పొందితే పాత పింఛను పరిధిలోని ఉద్యోగికి అది శిక్షకన్నా బరువైనది కాగలదు. ప్రైవేటు ఉద్యోగికి తేలికైనదే అయినా, తేలని ఆరోపణను వెంట పంపుతుంది. నిడదవోలు కేసు చెప్పినట్లు వాస్తవాలు తేలవలసిన చోటు విచారణే. ఆ చోటును వదిలే ముందు ఉద్యోగి తన నియమావళిని, తన సేవాపుస్తకాన్ని, ఫిర్యాదు చేసిన వ్యక్తి హక్కును తెలుసుకొని సంతకం చేయాలి. అలా తెలిసి చేసిన సంతకమే 'రాజీ' అనే మాటకు తగినది.